కొలాజెన్ గ్రాహకం డీడీఆర్1ను గుర్తించే పరిశోధనశాల ప్రతిరక్షకం: వివరణ, పారిభాషిక పరిశీలన

వ్యాససంగ్రహం:

జంతుకణం తన చుట్టూ ఉన్న కొలాజెన్‌ను గుర్తించడానికి ఉపయోగించే గ్రాహకాలలో డీడీఆర్1 ఒకటి. ఈ గ్రాహకాన్ని పరిశోధనశాలలో పట్టి చూపే ముఖ్యసాధనం ప్రతిరక్షకం. 'డీడీఆర్1 ప్రతిరక్షకం' అన్న ఒకే పేరుతో వ్యవహరించే సాధనాలు నిజానికి వేర్వేరు పనులు చేస్తాయి. ఆ తేడా పేరులో కనిపించకపోవడం వల్ల ఫలితాల వ్యాఖ్యానమే తప్పుదారి పట్టే అవకాశం ఉంది. ఈ వ్యాసం ఆ గ్రాహకం పనితీరునూ, ప్రతిరక్షకాల మధ్య తేడాలనూ, వాటి విశ్వసనీయతను పరీక్షించే పద్ధతులనూ వివరిస్తూ, సంబంధిత తెలుగు పారిభాషిక పదాల నిర్మాణాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కొలాజెన్, గ్రాహకం, డీడీఆర్1, ప్రతిరక్షకం, పారిభాషిక పదాలు, విగ్రహవాక్యం, పాఠాంతరం.

1. ఉపోద్ఘాతం

కోవిడ్ కాలంలో 'యాంటీబాడీ' అనే మాట తెలుగు పత్రికల పతాకశీర్షికలకు ఎక్కింది. ఒకచోట యాంటీబాడీ అనీ, మరొకచోట ప్రతిరక్షకమనీ, ఇంకొకచోట ప్రతినిరోధకమనీ రాశారు. పాఠ్యపుస్తకాలలో ప్రతిదేహం అన్న మాట కూడా ఉంది. నాలుగు మాటలూ ఒకే వస్తువును ఉద్దేశించినవే కాబట్టి పాఠకుడికి పెద్ద ఇబ్బంది కలగలేదు. శరీరంలోకి చొరబడిన సూక్ష్మజీవిని ఎదుర్కొనే ప్రోటీన్ అని అందరూ గ్రహించారు.

అయితే పరిశోధనశాలలో ఈ మాటకు మరో జీవితం ఉంది. అక్కడ ప్రతిరక్షకం రోగినీ రక్షించదు, రోగాన్నీ నిరోధించదు. అది చిన్న సీసాలో, శీతలపేటికలో భద్రపరిచే పనిముట్టు. కణంలో ఉన్న వేలాది ప్రోటీన్ల మధ్య నుంచి తనకు కావలసిన ఒక్కదానిని వెతికి పట్టుకోవడమే దాని పని. ఈ రెండో అర్థం గురించి తెలుగులో వచ్చిన రచన తక్కువ. జీవశాస్త్ర విషయాలపై తెలుగులో రాయవలసిన అవసరం పెరుగుతున్న ఈ కాలంలో, ఒక్క ఉదాహరణనైనా లోతుగా పరిశీలించడం ఉపయోగకరమని భావించి డీడీఆర్1 అనే గ్రాహకాన్ని ఎంచుకోవడం జరిగింది. ఈ వ్యాసదృష్టి భాషాసాహిత్య విద్యార్థిది. జీవశాస్త్ర నిపుణుల దృష్టి కాదు. ఆ పరిమితిని పాఠకులు గమనించగలరు.

2. కొలాజెన్: మూడు పేటల తాడు

క్షీరదాల శరీరంలోని మొత్తం ప్రోటీన్లలో సుమారు మూడోవంతు కొలాజెనే. చర్మం, ఎముక, మృదులాస్థి, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువు, రక్తనాళాల గోడలు దీని బలంమీదే నిలుస్తాయి. ఈ పేరుకు మూలం గ్రీకు భాషలో జిగురు అనే అర్థంగల పదం. జంతుచర్మాలనూ ఎముకలనూ ఉడికించి జిగురు తీసే పాతకాలపు పద్ధతి ఆ పేరులో నిలిచిపోయింది.

కొలాజెన్ నిర్మాణాన్ని వివరించడంలో దక్షిణభారతానికి గౌరవప్రదమైన స్థానం ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో ఇది మూడు గొలుసులు కలిసిన నిర్మాణమని ప్రతిపాదించారు. మరుసటి సంవత్సరం ఆ మూడు గొలుసులు ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉంటాయని సవరించారు. దీనిని మూడు పాయల జడతో పోల్చడం తెలుగులో సులువుగా తోచే ఉపమానమే కాని, అది సరిపోదు. జడది అల్లిక, కొలాజెన్‌ది పేనిక. మూడు పేటలు కలిపి పేనిన తాడు అంటే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ప్రతి పేటలోనూ ప్రతి మూడో స్థానంలో తప్పనిసరిగా గ్లైసీన్ అనే అతిచిన్న అమైనో ఆమ్లం వస్తుంది. తాడు లోపలి ఇరుకులో అంతకన్నా పెద్దది ఇమడదు.

తాడును వేడిచేస్తే పేనిక విడిపోతుంది. అలా విడిపోయిన కొలాజెన్‌నే జెలటిన్ అంటున్నాం. అమైనో ఆమ్లాలు అవే, వాటి వరుస కూడా అదే; పోయినది ఆకృతి మాత్రమే. ఈ వ్యాసంలో చర్చించే గ్రాహకం తాడును గుర్తిస్తుంది, విడిపోయిన పేటలను గుర్తించదు.

3. గ్రాహకం: అనాథగా మొదలై

1990ల ఆరంభంలో కొత్త టైరోసిన్ కైనేజ్ గ్రాహకాల కోసం జరిగిన అన్వేషణలో రెండు ప్రోటీన్లు బయటపడ్డాయి. వాటి బయటిభాగం డిక్టియోస్టీలియం డిస్కాయిడియం అనే మట్టిలోని ఏకకణజీవి తయారుచేసే డిస్కాయిడిన్ ప్రోటీన్‌ను పోలి ఉంది. అందువల్ల వీటికి డిస్కాయిడిన్ విభాగ గ్రాహకాలు అన్న పేరు స్థిరపడింది. ఆంగ్లనామంలోని తొలి అక్షరాలను కలిపి డీడీఆర్1, డీడీఆర్2 అని వ్యవహరిస్తారు. వీటిని ప్రేరేపించే పదార్థమేదో కొన్నేళ్లపాటు తెలియలేదు. అటువంటి వాటిని జీవశాస్త్రజ్ఞులు 'అనాథ గ్రాహకాలు' అంటారు. 1997లో రెండు పరిశోధన బృందాలు వేర్వేరుగా కృషిచేసి, వీటిని ప్రేరేపించేది కొలాజెన్ అని కనుగొన్నాయి. ఇది అప్పట్లో ఆశ్చర్యం కలిగించిన విషయం. ఈ కుటుంబంలోని మిగిలిన గ్రాహకాలు సాధారణంగా ఇన్సులిన్ వంటి కరిగి ప్రవహించే అణువులకు స్పందిస్తాయి. ఇవి మాత్రం కదలని, గట్టి నారకు స్పందిస్తున్నాయి.

గ్రాహకం పనిచేసే తీరును స్థూలంగా ఇలా చెప్పవచ్చు. కణత్వచానికి వెలుపల డిస్కాయిడిన్ విభాగం, దానిని ఆనుకొని డిస్కాయిడిన్‌ను పోలిన మరో విభాగం ఉంటాయి. మొదటి విభాగం కొలాజెన్ తాడును పట్టుకుంటుంది. తంతురూప కొలాజెన్లలో అది వెతికే చోటు ఆరు అమైనో ఆమ్లాల వరుస: గ్లైసీన్, వాలీన్, మెథియొనీన్, గ్లైసీన్, ఫినైల్అలనీన్, హైడ్రాక్సీప్రోలీన్. బయట పట్టు దొరికితే, త్వచానికి లోపలున్న కైనేజ్ విభాగం మేల్కొని, గ్రాహకంలోనే ఉన్న కొన్ని టైరోసిన్‌లకు ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేట్ ఏటీపీ నుంచి వస్తుంది. ఏటీపీని 1929లో గుర్తించినవారిలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. ఫాస్ఫరస్‌ను కొలవడానికి ఫిస్కే, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పద్ధతి ఆ అన్వేషణకు పునాది.

డీడీఆర్‌ల ప్రత్యేకత వాటి మాంద్యం. ఈ తరగతిలోని ఇతర గ్రాహకాలు నిమిషాలలో స్పందించి నిమిషాలలోనే సద్దుమణుగుతాయి. డీడీఆర్1 స్పందన పూర్తిస్థాయికి చేరడానికి గంటలు పడుతుంది, తరువాత కూడా చాలాసేపు నిలుస్తుంది. ప్రయోగం చేసేవారు ఇతర గ్రాహకాల అలవాటు ప్రకారం పది నిమిషాలకే కణాలను సేకరిస్తే దాదాపుగా ఏమీ కనిపించదు.

డీడీఆర్1 ముఖ్యంగా ఉపకళా కణాలలోనూ, డీడీఆర్2 సంయోజక కణజాలంలోనూ కనిపిస్తాయి. డీడీఆర్1 జన్యువును తొలగించిన ఎలుకలు చిన్నవిగా పుడతాయి. ఆడ ఎలుకల క్షీరగ్రంథులు సరిగా ఎదగక పిల్లలకు పాలివ్వలేవు. డీడీఆర్2 లేని ఎలుకలు మరుగుజ్జులవుతాయి. మనుషులలో కూడా డీడీఆర్2 జన్యులోపం వల్ల అవయవాలు పొట్టిగా ఉండే అరుదైన ఎముకల వ్యాధి ఒకటి వస్తుంది. మూత్రపిండాలు గట్టిపడే వ్యాధులలోనూ, అనేక క్యాన్సర్లలోనూ డీడీఆర్1 పాత్రపై పరిశోధనలు సాగుతున్నాయి.

4. ప్రతిరక్షకం అనే పనిముట్టు

ఇంత చిన్న అణువును కంటితో చూడలేం. కణజాలపు పలుచని పొరలో డీడీఆర్1 ఎక్కడుంది, ఎంత ఉంది, మేల్కొని ఉందా లేదా అని తెలుసుకోవాలంటే దానినే వెతికి అతుక్కొనే మరో అణువు కావాలి. ప్రతిరక్షకం ఆ పని చేస్తుంది. సాధారణంగా వాడే ఐజీజీ తరగతి ప్రతిరక్షకం బరువు సుమారు 150 కిలోడాల్టన్లు. దానికి రెండు చేతులుంటాయి. ఒక్కొక్క చేతి కొన లక్ష్యప్రోటీన్‌లోని కొద్దిపాటి భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఆ భాగాన్ని ఎపిటోప్ అంటారు.

డీడీఆర్1లోని ఒక ముక్కను కుందేలుకు ఎక్కించి, దాని రక్తరసం నుంచి తీసినది బహుక్లోన్ ప్రతిరక్షకం. అందులో అనేక ఎపిటోప్‌లను పట్టుకొనే ప్రతిరక్షకాలు కలగలిసి ఉంటాయి. ఆ కుందేలు చనిపోతే సరిగ్గా అదే మిశ్రమం మళ్లీ దొరకదు. ఈ ఇబ్బందిని తొలగించినవారు కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్. 1975లో వారు ప్రతిరక్షకం తయారుచేసే కణాన్ని చావులేని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎడతెగకుండా ఇచ్చే సంకరకణాన్ని సృష్టించారు. దీనికి 1984లో నోబెల్ బహుమతి లభించింది. ఇప్పుడు ప్రతిరక్షకపు జన్యుక్రమాన్నే నమోదుచేసి, కావలసినప్పుడు తిరిగి తయారుచేసే పద్ధతి కూడా వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ప్రతిరక్షకం ప్రోటీన్‌ను మొత్తంగా చదవదు. దాని దృష్టి ఎపిటోప్‌కే పరిమితం. వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలో ప్రోటీన్‌ను డిటర్జెంటుతో కలిపి మరిగించి, ముడతలు విప్పి, సాగదీసి పరీక్షిస్తారు. సజీవకణంపై పరీక్షించేటప్పుడు అదే ప్రోటీన్ తన సహజమైన ముడతలతో ఉంటుంది. విప్పిన ప్రోటీన్‌ను గుర్తుపట్టిన ప్రతిరక్షకం ముడుచుకున్న ప్రోటీన్‌ను గుర్తుపట్టలేకపోవచ్చు. ఇందుకు విపర్యయమూ జరగవచ్చు. విడిగా ఉన్నప్పుడు సులువుగా తెలిసే పదం సంధి జరిగిన తరువాత కొత్త పాఠకుడికి అంతుపట్టకపోవడం మనకు తరగతిగదిలో నిత్యానుభవమే. కాబట్టి ఒక ప్రతిరక్షకం 'పనిచేస్తుంది' అన్న వాక్యం అసంపూర్ణం. ఏ పరీక్షలో పనిచేస్తుందో చెప్పినప్పుడే ఆ వాక్యానికి అర్థం ఉంటుంది.

5. 'ప్రతి' అన్న ఉపసర్గలోని చిక్కు

ఆంగ్లంలో డీడీఆర్1 పేరుకు ముందు 'యాంటీ' చేర్చి ఈ ప్రతిరక్షకాలన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తారు. ఆ ఉపసర్గకు విరోధం అన్న అర్థమే మనసుకు తడుతుంది. వాస్తవంలో అధికభాగం పరిశోధన ప్రతిరక్షకాలు డీడీఆర్1కు ఏ విరోధమూ చేయవు. అది ఉన్నచోటికి వెళ్లి అతుక్కొని, రంగు లేదా వెలుగు ద్వారా 'ఇక్కడుంది' అని చూపిస్తాయి, అంతే.

తెలుగులో 'డీడీఆర్1 ప్రతిరక్షకం' అన్న సమాసానికి విగ్రహవాక్యం చెప్పబోతే ఈ చిక్కు స్పష్టమవుతుంది. డీడీఆర్1ను గుర్తించే ప్రతిరక్షకమా? డీడీఆర్1ను నిరోధించే ప్రతిరక్షకమా? డీడీఆర్1లోని ఒక టైరోసిన్‌కు ఫాస్ఫేట్ చేరినప్పుడు మాత్రమే గుర్తించే ప్రతిరక్షకమా? మూడు విగ్రహవాక్యాలకూ మూడు వేర్వేరు సీసాలున్నాయి. పత్రికలు వాడిన 'ప్రతినిరోధకం' అన్న మాట మొదటి అర్థానికి పూర్తిగా తప్పు. 'ప్రతిరక్షకం'లో కూడా రక్షణ అన్న భావం అనవసరంగా దూరుతుంది. ఈ దృష్టితో చూస్తే ఏ పనినీ ఆపాదించని 'ప్రతిదేహం' మేలనిపిస్తుంది. అయితే వాడుకలో ప్రతిరక్షకం బాగా పాతుకుంది. దానిని పెకలించడం కంటే, దానికి ముందు విశేషణం చేర్చి గుర్తింపు ప్రతిరక్షకం, నిరోధక ప్రతిరక్షకం, ఫాస్ఫో ప్రతిరక్షకం అని వ్యవహరించడం ఆచరణకు అనుకూలంగా ఉంటుందని ఈ వ్యాసం అభిప్రాయం.

నిరోధక ప్రతిరక్షకం విషయంలో మరో సూక్ష్మత ఉంది. నిరోధించడమంటే కొలాజెన్ పట్టుకొనే చోటును మూసివేయడమే అని సహజంగా ఊహిస్తాం. లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు 2012లో డీడీఆర్1 బయటిభాగపు స్ఫటికనిర్మాణాన్ని 3ఇ3 అనే నిరోధక ప్రతిరక్షకపు చేయి అతుక్కొని ఉన్న స్థితిలో ప్రకటించారు. ఆ చేయి పట్టుకున్నది కొలాజెన్ చేరే డిస్కాయిడిన్ విభాగాన్ని కాదు, దాని పక్కనున్న విభాగాన్ని. కొలాజెన్ చేరుతూనే ఉంది. సంకేతం మాత్రం లోపలికి పోవడం లేదు. తలుపు తట్టేవాడిని ఆపకుండా, తట్టిన చప్పుడు ఇంట్లోకి వినిపించకుండా చేయడం వంటిది ఇది. కనుక 'ఈ ప్రతిరక్షకం కలిపినా కొలాజెన్ అతుక్కుంటోంది, కాబట్టి ఇది నిరోధకం కాదు' అని తీర్మానిస్తే అది తప్పవుతుంది.

ఈ పరిశోధనలో వాడినది పూర్తి ప్రతిరక్షకం కాక ఒక్క చేయి మాత్రమే కావడం కూడా గమనార్హం. రెండు చేతులున్న ప్రతిరక్షకం రెండు గ్రాహకాలను ఒకేసారి పట్టుకొని దగ్గరకు లాగగలదు. కొన్ని గ్రాహకాల విషయంలో ఆ లాగడమే ప్రేరణగా పరిణమిస్తుంది. అడ్డుకోవడానికి కలిపినది మేల్కొలుపుతుంది. మరొక చిన్న విషయం ప్రయోగాలను పెద్దగా పాడుచేయగలదు. సీసాలోని ప్రతిరక్షకం చెడిపోకుండా సోడియం అజైడ్ కలుపుతారు. అది సజీవకణాలకు విషం. అజైడ్ ఉన్న ద్రవాన్ని కణాలపై పోసి, కణాల చలనం తగ్గిందని రాస్తే, తగ్గించినది ప్రతిరక్షకమో అజైడో చెప్పలేం.

నిరోధక ప్రతిరక్షకాలపై ఆసక్తి ఎందుకు పెరిగిందో 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన తెలుపుతుంది. ఒక రకం రొమ్ముక్యాన్సర్ నమూనాలలో, కణితి కణాలపై ఉన్న డీడీఆర్1 బయటిభాగం కొలాజెన్ నారలను వరుసగా పేర్చి దడిలా నిలబెడుతోందనీ, దానివల్ల రోగనిరోధక కణాలు కణితిలోకి చొరబడలేకపోతున్నాయనీ ఆ పరిశోధకులు చూపారు. బయటిభాగాన్ని పట్టుకొనే ప్రతిరక్షకాన్ని ఎలుకలకు ఇచ్చినప్పుడు ఆ వరుస చెదిరి, కణితి పెరుగుదల తగ్గింది. ఈ పని లోపలి కైనేజ్‌ది కాదు, బయటిభాగానిది. కాబట్టి కైనేజ్‌ను ఆపే మాత్రలతో ఈ దడి కూలదు. ఇది ఎలుకలలో వచ్చిన ఫలితమన్న విషయాన్ని మరచిపోరాదు.

6. పాఠాంతరాలు, ప్రక్షిప్తాలు

డీడీఆర్1 అన్నది ఒకే ప్రోటీన్ కాదు. ఒకే జన్యువు నుంచి అయిదు రూపాలు వస్తాయి. మొదటిదైన 'ఎ' రూపంలో 876 అమైనో ఆమ్లాలుంటే, 'బి' రూపంలో 913 ఉంటాయి. త్వచానికి లోపలివైపు, కైనేజ్‌కు ముందు, 37 అమైనో ఆమ్లాలు అదనంగా చేరడమే ఈ తేడాకు కారణం. 'డి', 'ఇ' రూపాలలో పనిచేసే కైనేజ్ లేదు. ప్రాచీనకావ్యాల తాళపత్రప్రతులతో పరిచయం ఉన్నవారికి ఇది కొత్త దృశ్యం కాదు. ఒకే కావ్యం, అయిదు ప్రతులు. ఒకదానిలో లేని పద్యాలు మరొకదానిలో ఉంటాయి, ఇంకొకదానిలో చివరి ఆశ్వాసం లుప్తం. పోలిక ఇంతవరకే. ప్రతులలోని తేడా లేఖకుల వల్ల వచ్చింది. ఇక్కడి తేడా కణం అవసరం కొద్దీ చేసుకొన్న కూర్పు.

ఈ తేడా ప్రతిరక్షకం ఎంపికను నేరుగా ప్రభావితం చేస్తుంది. 513వ స్థానంలోని టైరోసిన్‌కు ఫాస్ఫేట్ చేరిందా అని చూపే ప్రతిరక్షకాలున్నాయి. ఆ టైరోసిన్ 'బి' రూపంలోని ఆ 37 అమైనో ఆమ్లాల భాగంలోనే ఉంది. 'ఎ' రూపం మాత్రమే ఉన్న కణంలో కొలాజెన్ గ్రాహకాన్ని ఎంత మేల్కొలిపినా ఈ ప్రతిరక్షకానికి ఏమీ కనిపించదు. అప్పుడు 'గ్రాహకం స్పందించలేదు' అని రాయడం, ఒక ప్రతిలో ప్రక్షిప్తపద్యం లేదు కాబట్టి కావ్యమే లేదని చెప్పడం వంటిది.

మరో తికమక గ్రాహకం తెగిపోవడం వల్ల వస్తుంది. కణత్వచంపై ఉండే ఒక ఎంజైమ్ డీడీఆర్1 బయటిభాగాన్ని కత్తిరించి వదిలేస్తుంది. లోపలి భాగం, త్వచంలోని ముక్కతో కలిసి, సుమారు 60 కిలోడాల్టన్ల తునకగా మిగులుతుంది. పూర్తి గ్రాహకం చక్కెర గొలుసులతో కలిసి 120 కిలోడాల్టన్ల పరిసరాలలో కనిపిస్తుంది. తోకవైపు భాగాన్ని పట్టుకొనే ప్రతిరక్షకం రెండు గీతలను చూపుతుంది. తలవైపు భాగాన్ని పట్టుకొనేది మిగిలిన తునకను చూడలేదు. రెండు గీతలు కనిపించగానే కిందిదానిని 'అనవసరపు మరక' అని కత్తిరించి చిత్రాన్ని ప్రచురించేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. నిజంగానే అది మరక కావచ్చు కూడా. ఆ నిర్ణయానికి చిత్రం ఒక్కటే చాలదు.

7. విశ్వసనీయతా పరీక్ష

ఈ సమస్య డీడీఆర్1కే పరిమితమైనది కాదు. ప్రతిరక్షకాలను జన్యుక్రమం ఆధారంగా ప్రామాణీకరించాలని 2015లో వందమందికి పైగా శాస్త్రజ్ఞులు సంతకాలతో నేచర్ పత్రికలో కోరారు. 2016లో ఒక అంతర్జాతీయ బృందం అయిదు రకాల పరీక్షలను ప్రతిపాదించింది. వాటిలో అన్నిటికంటే సూటిగా ఉన్నది జన్యుపరీక్ష: కణం నుంచి ఆ జన్యువునే తొలగించి, తరువాత ప్రతిరక్షకాన్ని కలపాలి. అప్పటికీ గీత కనిపిస్తే, ప్రతిరక్షకం మరేదో ప్రోటీన్‌ను పట్టుకుంటోందని అర్థం. వేర్వేరు ఎపిటోప్‌లను పట్టుకొనే రెండు స్వతంత్ర ప్రతిరక్షకాలు ఒకే జవాబిస్తున్నాయా అని చూడడం మరో పరీక్ష. ఇది పాఠపరిష్కర్తలకు తెలిసిన సూత్రమే. ఒకదానిని చూసి మరొకటి రాసుకొన్న రెండు ప్రతులు ఒకే పాఠం ఇస్తే అవి రెండు సాక్ష్యాలు కావు, ఒక్కటే. అలాగే ఒకే సీసాలోని ప్రతిరక్షకాన్ని రెండు పేర్లతో రెండు సంస్థలు అమ్మినప్పుడు, ఆ రెంటినీ కొని ఫలితం సరిపోయిందని సంతోషించడం వ్యర్థం.

2023లో ప్రకటించిన ఒక విస్తృత పరీక్షలో 65 ప్రోటీన్లకు చెందిన 614 వాణిజ్య ప్రతిరక్షకాలను జన్యువు తొలగించిన కణాలతో పోల్చి చూశారు. లక్ష్యాన్ని గుర్తించలేని ప్రతిరక్షకాలతో వెలువడిన పరిశోధనపత్రాలు ఒక్కొక్క ప్రోటీన్‌కు సగటున పన్నెండు వరకు ఉన్నట్లు తేలింది. పత్రాలు రాసినవారు మోసం చేయలేదు. సీసామీద ఉన్న పేరును నమ్మారు.

డీడీఆర్1 విషయంలో అదనంగా చూడవలసినవి రెండు. డీడీఆర్2తో దీనికి దగ్గరి పోలిక ఉంది కనుక, తోబుట్టువును కూడా పట్టుకుంటోందేమో పరీక్షించాలి. మనిషి ప్రోటీన్‌తో తయారైన ప్రతిరక్షకం ఎలుక ప్రోటీన్‌ను గుర్తిస్తుందన్న హామీ కూడా ఉండదు. ప్రత్యేకించి ఎలుక శరీరంలో తయారైన ప్రతిరక్షకానికి ఇది వర్తిస్తుంది. తన ప్రోటీన్‌పై తాను ప్రతిరక్షకం తయారుచేసుకోకపోవడం రోగనిరోధక వ్యవస్థ స్వభావం.

8. సీసామీది వాక్యం

ఇటువంటి ప్రతిరక్షకాల సీసాలపై 'పరిశోధన వినియోగానికి మాత్రమే' అన్న అర్థంలో ఒక హెచ్చరిక ఉంటుంది. అనువాదంలో 'మాత్రమే' ఎక్కడ చేరుతుందన్నదే కీలకం. 'పరిశోధన వినియోగానికి మాత్రమే' అన్నప్పుడు రోగనిర్ధారణకూ చికిత్సకూ వాడరాదని తెలుస్తుంది. 'పరిశోధనలో మాత్రమే ఉపయోగపడును' అని రాస్తే నిషేధం పోయి, వస్తువు సామర్థ్యాన్ని గురించిన మాటగా మారుతుంది. ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసే వ్యక్తికి ఈ రెండో వాక్యం వాడకూడదని చెప్పదు. వాడినా పెద్దగా లాభం ఉండదని మాత్రమే చెబుతుంది. 'పరిశోధన వినియోగానికి మాత్రమే. రోగనిర్ధారణకు, చికిత్సకు వాడరాదు' అని రెండు వాక్యాలుగా రాయడం క్షేమం. దాని కింద ప్రతిరక్షకం గుర్తించే రూపం, ఎపిటోప్ ఉన్న భాగం, ఏ జంతువులో తయారైనది, ఏ పరీక్షలో జన్యువు తొలగించిన కణాలతో సరిచూసినది, అజైడ్ ఉన్నదా లేదా అన్న అయిదు వివరాలు తెలుగులో అయిదు చిన్న వాక్యాలకు మించవు.